ఖాళీకీ సున్నాకీ మధ్య

“రెండు గుంజలకి ఒక తాడు చాలదటే?” అని మామగారు అడగడం అది మూడోసారి.

“చాలితే రెండోది ఎందుకు కట్టించుకుంటాను? ఊయల ఊగడానికా?” అని అత్తగారు విసుక్కోవడం కూడా మూడోసారే.

ఆదివారం పొద్దున. పెరట్లో రెండు ఇనుప గుంజల మధ్య ఎప్పుడూ ఉండే రెండు తాళ్ళలో ఒకటి లేదు. వారం రోజుల బట్టలూ మిగిలిన ఒక్క తాడు మీదే పడ్డాయి. తడి దుప్పట్ల బరువుకి ఆ తాడు మధ్యలో కుంగి, దుప్పటి అంచు మట్టిని తాకీ తాకకుండా ఊగుతోంది.

“పాత పరుపు చుట్టి అటకెక్కించాను. దానికి తాడు కావద్దూ?” అన్నారు మామగారు.

“అటక మీది పరుపు ఎక్కడికి పారిపోతుందని కట్టేశారు?”

“కట్టకపోతే విచ్చుకుంటుంది.”

“విచ్చుకోనీండి, ఎవరికి నష్టం? ఇదిగో, ఇక్కడ చూడండి. పైన వేసిన దుప్పటొక్కటే కనిపిస్తోంది. దాని కింద మీ చొక్కా ఉందో, దిండు గలేబు ఉందో నాకే గుర్తులేదు. ఉందో లేదో తెలియనిది ఆరిందో లేదో ఎవరు చూస్తారు?”

వంటింటి గుమ్మంలో నిలబడి బట్టల క్లిప్పుల బుట్ట పట్టుకున్న కోడలికి ఆ మాట చెంప మీద చరిచినట్టు తగిలింది. అత్తగారు అన్నది దుప్పట్ల గురించే. కాని రెండు రోజులుగా కోడలి గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటున్నది అచ్చంగా అదే సంగతి.

పోయిన వారం ఈ కోడల్ని మనం ఎక్కడ వదిలి వచ్చామో తలుచుకుందాం. శుక్రవారం సాయంత్రం, ఊళ్ళో సిటీ బస్సులు నడిపే సంస్థ కార్యాలయంలో, అందరూ వెళ్ళిపోయిన గదిలో, కంప్యూటరు తెర ముందు కూర్చుని ఉంది. ఆమె పని చెప్పుకోవడానికి తేలికే. ఊళ్ళోని బస్సు స్టాపులన్నీ చుక్కలు. ఒక స్టాపు నుంచి ఇంకో స్టాపుకి నడిచే ప్రతి సర్వీసూ ఒక గీత. చిన్నపిల్లలు చుక్కలు కలిపి ఏనుగు బొమ్మ గీస్తారే, అలాంటిదే. ఆ చుక్కల్నీ గీతల్నీ భద్రంగా దాచిపెట్టే చోటుని గ్రాఫ్ డేటాబేస్ అంటారు. ఏ గీత తీసేస్తే ఎంతమందికి దారి తెగుతుందో లెక్కకట్టేది వేరే ఉంది. దాని పేరు లైబ్రరీ. పుస్తకాలది కాదు, లెక్కలు చేసిపెట్టే ప్రోగ్రాముల మూట. దాచే చోట ఈ లెక్కలు కుదరవు, లెక్కకట్టే చోట దాచడం కుదరదు. అందుకని గీతలన్నిటినీ ఇక్కడి నుంచి అక్కడికి మోసుకెళ్ళాలి. లెక్క అయ్యాక ఒక్కో గీతకి వచ్చిన మార్కుని వెనక్కి మోసుకొచ్చి, ఏ గీతది ఆ గీతకే తగిలించాలి. ఆ రాకపోకల మోతంతా కోడలిదే.

శుక్రవారం ఆమెకి తెలిసిందేమిటంటే, మోసుకెళ్ళడానికి తాను ఎంచుకున్న సంచిలో రెండు చుక్కల మధ్య ఒక్క గీతే పడుతుందని. రెండోది వేస్తే మొదటిది కిక్కురుమనకుండా జారిపోతుంది. కేక పెట్టదు, తెర మీద ఎర్ర అక్షరాలు రావు. ఎన్ని గీతలైనా పట్టే సంచి ఆ లైబ్రరీలోనే ఇంకోటి ఉంది. పని మొదలుపెట్టిన కొత్తలో ప్రయత్నానికి ఇచ్చిన చిన్న ఊరి పటంలో ఏ రెండు స్టాపుల మధ్యనైనా ఒకే బస్సు ఉండేది కాబట్టి ఆమె ఈ చిన్న సంచితో సరిపెట్టుకుంది. తర్వాత ఊరు మొత్తం వచ్చి చేరింది. సంచి మాత్రం మారలేదు.

అలా జారిపోయిన గీతల్లో పొద్దు బస్సు ఒకటి. తెల్లారకముందే పాత మిల్లు దగ్గర బయల్దేరి ఆసుపత్రికి వెళ్ళే బస్సు. అదే దారిలో పగలంతా పదకొండో నంబరు తిరుగుతుంది. సంచిలో పదకొండో నంబరు మిగిలింది, పొద్దు బస్సు పోయింది. లెక్కకే వెళ్ళని గీతకి మార్కు ఎలా వస్తుంది? వెనక్కి వచ్చాక దాని గడి ఖాళీగా ఉంది. రేపు, అంటే సోమవారం, బోర్డు ముందుకి వెళ్ళబోయే రిపోర్టులో మాత్రం ఆ ఖాళీ గడిలో సున్నా కూర్చుంది. “సున్నా మార్కు వచ్చిన సర్వీసులు ఆపివేయవచ్చు” అని దాని పక్కనే సిఫార్సు. ఆ సిఫార్సు కింద సంతకం, ప్రణాళికా విభాగం అధికారిణిది.

ఆ అధికారిణి ఈ ఇంటి ఆడపడుచే. కోడలికి వదిన.

నిజానికి వాళ్ళిద్దరి మధ్యా మొదట కలిసింది ఇంటి చుట్టరికం కాదు, ఆఫీసు చుట్టరికం. కోడలు పరీక్ష రాసి ఆ ఉద్యోగంలో చేరింది. చేరిన ఏడాదికి, పై అధికారిణి తన తమ్ముడికి ఈ పిల్లని ఇస్తారా అని స్వయంగా వాళ్ళ పుట్టింటికి వెళ్ళి అడిగింది. పెళ్ళయింది. ఒకే విభాగంలో దగ్గరి బంధువులు ఉండకూడదని ఆఫీసులో నిబంధన. అప్పటి పెద్దసారు చెవిన వేస్తే, “కాగితం మీద పెట్టకండి, నేను చూసుకుంటాను” అన్నాడు. చూసుకోకుండానే రిటైరైపోయాడు. కొత్తగా వచ్చినాయనకి ఈ సంగతి తెలియదు.

అందుకని ఆఫీసులో వదిన ‘మేడం’. మరదలు ‘మీరు’. ఒకరు స్కూటరు మీద, ఇంకొకరు బస్సులో వెళ్ళేవారు. పక్క పక్క గదుల్లో ఉండి కూడా ఏ మాటైనా మెయిలులోనే. ఇంటికొస్తే ఇంకో నిబంధన. పెళ్ళైన కొత్తలో భోజనాల దగ్గర వీళ్ళిద్దరూ స్టాపులూ సర్వీసులూ తప్ప ఇంకో మాట మాట్లాడకపోతే, ఒకనాడు అత్తగారు గరిటె బల్ల మీద కొట్టి తీర్పు చెప్పారు: “ఈ గడప లోపల బస్సులు తిరగవు.” అప్పటి నుంచి తిరగలేదు.

ఇక చెప్పుకోండి. ఆఫీసులో బంధువులు కాకూడదు, ఇంట్లో ఉద్యోగులు కాకూడదు. మరి ఆ ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకునే చోటేది?

*

వదిన మేడ మీద నుంచి తలకి తువ్వాలు చుట్టుకుని దిగింది. పై గది ఆమెది. ఇంట్లోనూ ఆమె తీరు అధికారిణి తీరే కాబట్టి మామగారు కూతుర్ని ‘మేడమీది మేడం’ అని పిలుస్తారు. ఆ వేళ ఆమె మొహంలో ఒక వెలుగు ఉంది. రేపటి రిపోర్టు సవ్యంగా గట్టెక్కితే ముఖ్య ప్రణాళికాధికారి కుర్చీ ఆమెదేనని ఆఫీసంతా అనుకుంటోంది. ఆ కుర్చీ కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురు చూసిందో ఇంట్లో అందరికీ తెలుసు.

“నా నీలం దుప్పట్టా ఏదమ్మా?” అంది తాడు వైపు చూస్తూ.

“మీ నాన్ననడుగు. అన్నీ ఒకదాని కింద ఒకటి సమాధి చేశారు.”

తండ్రీ తల్లీ మళ్ళీ తాడు దగ్గరికి వెళ్ళారు. కోడలు క్లిప్పుల బుట్టతో వదిన పక్కన చేరింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని ఆమెకి తెలుసు. గొంతు తగ్గించి అంది:

“వదినా, రేపటి రిపోర్టులో ఒక పొరపాటుంది. కొన్ని సర్వీసులు లెక్కలోకే రాలేదు. పొద్దు బస్సు కూడా.”

దుప్పటి మడత మీద వదిన చెయ్యి ఆగింది. ఒక్క క్షణం. మళ్ళీ కదిలింది.

“ఆదివారం పూట ఇదేమిటి?” అంది. తర్వాత, ఆమె వైపు చూడకుండానే, “రేపు ఆఫీసుకి వచ్చాక మెయిలు పెట్టండి” అంది.

పెట్టండి. ఈ పెరట్లో, ఈ తాడు పక్కన, ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఎన్నడూ వినని ‘అండి’. కోడలి చేతిలోంచి ఒక క్లిప్పు జారి మట్టిలో పడింది.

దుప్పటి అవతల నుంచి అత్తగారి గొంతు వినిపించింది. “ఎవర్నే అండీ అంటున్నావు? మీ నాన్న కూడా ఎరగడు ఆ మర్యాద!”

వదిన తన నీలం దుప్పట్టా తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెంచాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. డ్రాయింగు మాస్టారు, అంటే కోడలి భర్త, అటు అక్కనీ ఇటు భార్యనీ మార్చి మార్చి చూశాడు.

“కూరలో ఉప్పు తక్కువైందా, మాటలు తక్కువయ్యాయా?” అన్నాడు.

“తిను” అన్నారు అత్తగారు.

తిన్నాడు. తర్వాత గదిలోకి వచ్చి తలుపు చేరవేసి, “ఇప్పుడు చెప్పు” అన్నాడు. కోడలు చెప్పింది. బొమ్మలు గీసే మనిషి కాబట్టి చుక్కలూ గీతలూ అతనికి తొందరగానే అర్థమయ్యాయి.

“మరి మెయిలు పెట్టేసి ఊరుకోవచ్చు కదా. నీ బాధ్యత తీరిపోతుంది.”

“తీరిపోతుంది. రేపు వదిన బోర్డు గదిలోకి వెళ్తూ వెళ్తూ చదువుతుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు. నేను చెప్పానని నా దగ్గర రుజువుంటుంది. వదిన ఒక్కతే మునుగుతుంది.”

“అయితే పైకి వెళ్ళి చెప్పు.”

“భయంగా ఉంది. ఆ కుర్చీ దగ్గరికొచ్చిన వేళ నేనే కాలు అడ్డం పెట్టానని అనుకుంటే?”

“అక్కంటే భయం ఎలా పోతుందో నన్ను మాత్రం అడక్కు” అన్నాడతను. “నాకు లాగు తొడుక్కునే వయసు నుంచీ భయమే. కాని ఒకటి చెప్తాను. నిన్ను చూడకముందే నీ గురించి నాకు కథలు కథలుగా చెప్పింది అక్క. అందులో భయపడే పిల్ల లేదు.”

*

పై గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలి నుంచి, “గౌరవనీయులైన సభ్యులకు...” అని వదిన గొంతు. ఆగి, మళ్ళీ మొదటి నుంచి, ఇంకొంచెం గంభీరంగా. రేపటి ఉపన్యాసం వల్లె వేసుకుంటోంది. కోడలు తలుపు తట్టింది.

“మెయిలు పెట్టమన్నాను కదా” అంది వదిన, తలుపు తీసి.

“మేడంకి రేపు పెడతాను. ఇప్పుడు వదినతో మాట్లాడదామని వచ్చాను.”

వదిన కాసేపు ఆమె మొహం వంక చూసి పక్కకి తప్పుకుంది. బీరువా తలుపుకి ఇస్త్రీ చేసిన రేపటి బట్టలు వేలాడుతున్నాయి. పక్కనే అదే రంగు నీలం దుప్పట్టా, ఇంకా తడి తడిగా. కోడలు మంచం అంచున కూర్చుని ఒళ్ళో లాప్‌టాప్ తెరిచింది. ముందు డేటాబేస్ చూపించింది. పాత మిల్లు ఒక చుక్క, ఆసుపత్రి గేటు ఒక చుక్క. మధ్యలో రెండు గీతలు, పగటిదొకటి, పొద్దుటిదొకటి. తర్వాత లైబ్రరీ వైపు చూపించింది. అవే రెండు చుక్కలు. ఒకే గీత.

“రెండోదేది?”

“నేను ఎంచుకున్న సంచిలో ఒక్క గీతే పడుతుంది. ఇది జారిపోయింది. అత్తయ్య వేసిన దుప్పటి కింద మామయ్య చొక్కా ఉన్నట్టు కూడా కాదు వదినా. ఇక్కడ కింద కూడా లేదు. అసలే లేదు.”

“నువ్వు సరిచూడలేదా?”

“చుక్కలన్నీ వచ్చాయో లేదో సరిచూశాను. అన్నీ వచ్చాయి. గీతలు సరిచూడలేదు.” ఆమె తలొంచుకుంది. “పెళ్ళికి చుట్టాలందరూ వచ్చారు కదాని, చుట్టరికాలన్నీ బాగున్నాయనుకునేవాళ్ళుంటారు చూడండి. అలా అనుకున్నాను.”

వదిన పెదవి బిగించింది. “అయితే ఇది నీ తప్పు.”

“సగం.”

“మిగతా సగం ఎవరిది?”

కోడలు చెప్పనక్కర్లేకపోయింది. వదిన తనే లాప్‌టాప్ లాక్కుని రిపోర్టులోని పట్టిక తెరిచింది. మార్కుల వరుస మీద వేలు పెట్టి కిందకి దించుకుంటూ వచ్చింది. ఒక చోట వేలు ఆగింది. కిటికీలోంచి పక్కింటి వాళ్ళ కుక్కరు కూత వినిపించింది.

“ఇక్కడ ఖాళీలుండేవి” అంది చివరికి. “వరుస బోసిగా ఉంది, బోర్డువాళ్ళు అడుగుతారని, ఖాళీలన్నిటిలోనూ సున్నాలు పెట్టమని మీట నొక్కాను. ఒక్క మీట.”

“ఖాళీ అంటే మనం చూడలేదని వదినా. సున్నా అంటే చూశాం, అక్కర్లేదని తేలిందని.”

“నాకు తెలుసు” అంది వదిన గట్టిగా. తర్వాత మెల్లగా, “ఎవరైనా అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని. మీట నొక్కేటప్పుడు నన్నెవరూ అడగలేదు” అంది.

వదిన పట్టికని ఇంకొంచెం కిందకి జరిపింది.

“ఖాళీలు వస్తున్నాయని నీకు ముందే తెలుసా?”

“వస్తున్నాయని తెలుసు. ఎందుకో శుక్రవారమే తెలిసింది. ఇంకా మొదలుపెట్టని సర్వీసులేమో అనుకున్నాను. మీకు చెప్పబోయాను కూడా. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర. ‘వదినా, కొన్ని ఖాళీగా ఉంటున్నాయి’ అన్నాను.”

వదినకి గుర్తొచ్చింది. కనుబొమలు పైకి లేచాయి. “అమ్మ...”

“‘ఖాళీగా ఉన్నవి గిన్నెలు, లేచి తియ్యండి’ అన్నారు.”

వదినకి నవ్వొచ్చింది. వద్దనుకున్నా వచ్చింది. ఒక్కసారి పొలమారినట్టుగా నవ్వి, అంతలోనే ఆపేసి, చేతుల్లో మొహం దాచుకుంది. “మర్నాడు ఆఫీసులో చెప్పొచ్చుగా.”

“మెయిలు రాద్దామని కూర్చున్నాను. ‘గౌరవనీయులైన మేడం గారికి, కొన్ని గడులు ఖాళీగా ఉన్నవి’ అని మొదలుపెడితే, ఇంత చిన్న సంగతికి ఇంత గౌరవం ఎందుకులే అనిపించింది. చెరిపేశాను.”

వదిన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

“మళ్ళీ లెక్కకట్టాలంటే ఎంత పని?”

“అన్ని గీతలూ పట్టే రకంలో మొదటి నుంచి మోసుకెళ్ళాలి. వెనక్కి తెచ్చాక ఒక్కోటి సరిచూడాలి. వారం.”

“వారానికి ఆ కుర్చీలో వేరే మనిషి ఉంటాడు.” ఆమె గొంతులో కోపం లేదు. “ఒక దారుంది. పొద్దు బస్సు పేరొక్కటి జాబితాలోంచి తీసేస్తాను. ‘మరింత పరిశీలన అవసరం’ అని ఒక వాక్యం. బస్సు ఆగదు. నీ సంచి సంగతి బయటపడదు, నా మీట సంగతీ బయటపడదు. పాము చావదు, కర్రా విరగదు.”

కోడలికి ఒక్కసారి ఊపిరి తేలికైంది. ఆ దారి ఎంత చల్లగా ఉందో! రేపటి నుంచి మళ్ళీ ఎప్పటిలాగే. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. కాని ఆమె చూపు పట్టిక మీద పడింది. పొద్దు బస్సు కింద ఇంకో సున్నా. దాని కింద ఇంకోటి.

“మిగతా సున్నాలు?” అంది.

“అవి నిజంగానే ఖాళీ బస్సులై ఉండొచ్చు.”

“ఉండొచ్చు.” ఆ మాట నోట్లో పెట్టుకుని చూసినట్టు ఆగింది కోడలు. “సున్నాలు కానివి కూడా తప్పే వదినా. గోడలోంచి ఒక రాయి లాగితే పక్క రాళ్ళ మీద బరువు మారదూ? పొద్దు బస్సు పోయింది కాబట్టి పదకొండో నంబరుకి వచ్చిన మార్కు కూడా దానిది కాదు. ఈ పట్టికలో ఏ అంకె నిజమో నాకు తెలియదు.”

వదిన కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగింది.

“నువ్వు చేరిన కొత్తలో, విభాగమంతా కూర్చున్న మీటింగులో లేచి, ‘మేడం, మీ పటంలో వంతెన తలకిందులుగా ఉంది’ అన్నావు. గుర్తుందా?”

“మరిచిపోతానా? ఆ రోజు ఉద్యోగం ఊడిందనుకున్నాను.”

“ఆ సాయంత్రమే ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను, నోరున్న పిల్ల దొరికిందని. ఆ నోరు చూసే నిన్ను ఈ ఇంటికి తెచ్చుకున్నాను.” ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది. “తెచ్చుకున్నాక ఆ నోరు ఏం చేశావే?”

కోడలు లాప్‌టాప్ మూసింది.

“వెళ్ళు. ఏం చేద్దామో నువ్వే ఆలోచించు. టీ వేళకి చెప్పు.” తలుపు దాకా వచ్చి, “మెయిలు వద్దు” అంది.

*

టీ వేళకి మామగారు తాడు తిరిగి తెచ్చి కట్టేశారు. భార్య మాటకి తలొగ్గినట్టు మాత్రం ఒప్పుకోలేదు. అటకెక్కి తాడు విప్పగానే పరుపు విచ్చుకుని ఆయన నెత్తిన పడింది. తల మీద దూది పోగులతో ముందుగదిలోకి వచ్చి కూర్చుని, “నేను చెప్పానా లేదా, కట్టకపోతే విచ్చుకుంటుందని?” అని తన వాదమే నెగ్గినట్టు అన్నారు.

“నెగ్గారులెండి. టీ తాగండి” అన్నారు అత్తగారు.

అందరూ ఉన్నారు. డ్రాయింగు మాస్టారు బిస్కెట్ల పళ్ళెం అందరికీ జరిపాడు. వదిన కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో ఫోను. కోడలు అందరికీ టీ ఇచ్చి, తన గ్లాసు తీసుకుని, కూర్చోకుండా నిలబడే ఉంది.

“అత్తయ్యా, ఈ ఒక్క పూట బస్సుల్ని గడప లోపలికి రానివ్వండి.”

అత్తగారు కోడలి మొహం చూశారు, కూతురి మొహం చూశారు. పొద్దున పెరట్లో వినిపించిన ‘అండి’ ఆవిడ మర్చిపోలేదు. “రానీ” అన్నారు.

కోడలు చెప్పింది. పెద్ద మాటలేమీ వాడలేదు. పెరట్లోని గుంజల్నే స్టాపులు చేసింది, తాళ్ళనే సర్వీసులు చేసింది. ఒక తాడు విప్పి పట్టుకెళ్ళినట్టే కొన్ని బస్సులు తన చేతిలోంచే లెక్క తప్పి పోయాయంది. వదిన పెట్టిన సున్నాల సంగతి ఎత్తలేదు. గిన్నెల సంగతీ ఎత్తలేదు. పొద్దు బస్సులో ఎవరెవరు వెళతారో మాత్రం చెప్పింది. ఉదయం డ్యూటీ నర్సులు, వార్డులు ఊడ్చే ఆడవాళ్ళు, రోజు మార్చి రోజు రక్తం శుభ్రం చేయించుకోవలసిన రోగులు. పాత మిల్లు స్టాపు ఆ ఇంటికి రెండు వీధుల అవతలే. అయినా ఆ ఇంట్లో ఆ బస్సు మొహం చూసినవాళ్ళు లేరు. అది వెళ్ళే వేళకి అందరూ ముసుగుతన్ని ఉంటారు.

“రేపు ఆ రిపోర్టు వెళ్ళకూడదు” అంది. “అంతా మళ్ళీ లెక్కకట్టాలి. తప్పు ఎలా జరిగిందో బోర్డు ముందు నేనే చెబుతాను.”

వదిన బొటనవేలు ఒళ్ళోని ఫోను మీద ఒక్కసారి నొక్కి వదిలింది.

“అంటే దాని కుర్చీ?” అన్నారు మామగారు, కూతురి వైపు చూడలేక టీ గ్లాసు వైపు చూస్తూ.

“ఆ ఖాళీల మాట ఆ పిల్ల ముందే ఎత్తింది నాన్నా” అంది వదిన. “భోజనాల దగ్గర. అమ్మ గిన్నెలు తియ్యమంది. ఆ ఖాళీల్లో సున్నాలు నింపింది నేను.”

అత్తగారి చేతిలోని గ్లాసు బల్ల మీదకి దిగింది. ఆవిడకి డేటాబేస్ అంటే తెలియకపోవచ్చు. తన నోటి నుంచి వచ్చిన మాట తెలియకపోదు. “ఇక నుంచి ఈ ఇంట్లో ఎవరి మాటైనా పూర్తయ్యాకే గిన్నెలు” అన్నారు. తీర్పు చెప్పే గొంతే, కాని గరిటె చప్పుడు లేదు.

“ఇంకో మాట ఉంది” అంది వదిన. “కొత్త పెద్దసారుకి రెండు సంగతులు రాసి ఉంచుకున్నాను. ఈ పిల్ల ఇంకోలా చెబితే చెరిపేద్దామనుకున్నాను. ‘నేనే చెబుతాను’ అంది కాబట్టి ఇందాకే పంపేశాను. ఒకటి, రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని. రెండు, మా విభాగంలో ఆ పని చేస్తున్న అమ్మాయి నా తమ్ముడి భార్య అని.”

డ్రాయింగు మాస్టారు బిస్కెట్ నములుతూ ఆగిపోయాడు. “అక్కా, అప్పుడు మీ ఇద్దరిలో ఒకరు...”

“ఒకరు విభాగం వదలాలి. అవును.”

అందరి చూపూ కోడలి మీదకి తిరిగింది. ఆమె అప్పటికే మనసులో బల్ల సొరుగు ఖాళీ చేసుకుంటోంది. పర్వాలేదు, అనుకుంది. నోరు తెరిచినందుకు ఇదీ ఒక మార్కే. సున్నా మాత్రం కాదు.

“గీతలన్నీ మళ్ళీ మోసుకెళ్ళే మనిషి అక్కడ ఉండాలి” అంది వదిన నిదానంగా. “సున్నాలు పెట్టిన మనిషి లేకపోయినా ఫర్వాలేదు. వదిలేది నేను. ఆసుపత్రి వెనక డిపోకి పంపమని అడిగాను.”

మామగారి నెత్తి మీద దూది పోగు ఒకటి ఊగి రాలింది. అత్తగారికి ఎన్నో ప్రశ్నలు ఒకేసారి గొంతు దాకా వచ్చాయి. బయటికి వచ్చింది మాత్రం అన్నిటికన్నా చిన్నది.

“డిపో పని తెల్లారకముందే మొదలవుతుందటగా. అంత పొద్దున్నే ఎలా వెళ్తావే?”

“ఉందిగా అమ్మా, పొద్దు బస్సు” అంది వదిన, చక్కెర డబ్బాకి మూత పెడుతూ. “రేపు నా మరదలు దాన్ని ఆపనివ్వకపోతే.”